వాన లేకుండనే కురిసిన కప్పులు

ఇల్లు కురుస్తున్నదంటే మనకు మొదట తోచేది వానయే. పెంకు జారినదో, డాబా బీటలు తీసినదో పైకెక్కి చూచి, ఆ చోటు పూడ్పించి ఊరుకుంటాము. కాని 1930 ప్రాంతములో అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగములోను, కెనడాలోను ఒక వింత చిక్కు వచ్చిపడినది. చినుకన్నది లేని నడి చలికాలము, పడినదంతా పొడిమంచే. అట్టి కాలములో చలి కాస్త విరిగి ఎండ కాసిన మొదటి రోజున లోకప్పు నుండి నీరు బొట్లు బొట్లుగా కారేది. పనివాడు నిచ్చెన వేసుకొని ఎక్కి వెదికితే కప్పుకు చిల్లు కనపడేది కాదు. కొన్ని ఇండ్లలో వెలుపలి గోడల రంగు పొక్కులెత్తి పొరలు పొరలుగా ఊడిపోయేది.

అప్పుడు అనుమానమంతా ఒక కొత్త సరుకు మీదికి పోయినది. ఇంట్లోని వేడి బయటికి పోకుండ గోడల మధ్యను, కప్పు క్రిందను రాతి ఉన్ని వంటి ఉష్ణబంధకములను కూరడము అప్పుడే ప్రబలుతున్నది. “ఈ ఉన్ని నీటిని లాగుతుంది” అని రంగులు వేసేవారు అన్నారు. ఉన్ని అమ్మేవారు నేరము రంగుదనీ, కొయ్యదనీ అన్నారు. ఇల్లు కట్టించుకొన్నవాడు మధ్యలో నలిగిపోయినాడు. తగవు వ్యాపారులదిగా మొదలైనా, తీర్చవలసిన ప్రశ్న మాత్రము భౌతికశాస్త్రానిది: వాన లేనిచోట ఆ నీరు ఎక్కడినుండి వచ్చినది?

జవాబుకు కావలసిన శాస్త్రము అప్పటికే పాతబడినది. గాలిలోని తేమ ఒక నిర్ణీతమైన చల్లదనము దగ్గర నీరుగా మారుతుందని 1751లోనే చార్లెస్ లెరాయ్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపినాడు. ఆ ఉష్ణోగ్రతనే మనము తుషార స్థానమంటాము. నీటి ఆవిరికి గాలితో నిమిత్తము లేకుండ తన పీడనము తనకు ఉంటుందని 1801లో జాన్ డాల్టన్ చెప్పినాడు. పచ్చికపై కనబడే మంచు ఆకాశమునుండి రాలినది కాదనీ, రాత్రివేళ చల్లబడిన ఆకులమీద గాలిలోని ఆవిరియే నీరుగా మారినదనీ విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రకటించిన గ్రంథములో నిరూపించినాడు. ఇక ఆవిరి ఎక్కువ ఉన్నచోటు నుండి తక్కువ ఉన్నచోటికి ఏ లెక్కన వ్యాపిస్తుందో తెలిపే విసరణ నియమమును 1855లో అడాల్ఫ్ ఫిక్ ఇచ్చినాడు. వేడి ప్రవాహమును గూర్చి ఫోరియర్ 1822లో ప్రకటించిన సూత్రమును చూచి, దానికి తోబుట్టువుగా ఫిక్ తన నియమమును మలచినాడు. ఈ నాలుగింటిని కలిపి ఇంటికప్పుకు అన్వయించడానికి మాత్రము మరి ఎనభై ఏండ్లు పట్టినది. అంతవరకు అవసరము రాలేదు గనుక ఎవరూ ఆలోచించలేదు.

ఆ అవసరము ఎందుకు రాలేదో అంకెలలో చూద్దాము. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరిని భరించగలదు. 0 డిగ్రీల దగ్గర 5 గ్రాములే. సున్నకు దిగువ 20 డిగ్రీల దగ్గర 1 గ్రామే. ఇప్పుడు ఒక చలిదేశపు ఇల్లు తీసుకొందాము. లోపల 21 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 40 శాతము. ఈ గాలికి తుషార స్థానము సుమారు 7 డిగ్రీలు. అంటే 7 డిగ్రీలకన్న చల్లగా ఉన్న వస్తువు ఏది తగిలినా దాని ఒళ్లు చెమరుస్తుంది. మంచుగడ్డలు వేసిన గ్లాసు మన ఇండ్లలో చెమర్చడము ఇదే. నలుగురున్న సంసారములో వంట, స్నానము, బట్టల ఉతుకు, శ్వాస వీటన్నిటివల్ల రోజుకు సుమారు 10 లీటర్ల నీరు ఆవిరై ఇంటి గాలిలో కలుస్తుంది. వెనుకటి ఇండ్లలో నిప్పుగూటి పొగగొట్టము ఆ గాలిని ఎప్పటికప్పుడు లాగివేసేది. కప్పు పలకల గుండ వేడి యథేచ్ఛగా బయటికి పోయేది. కాబట్టి పలకలు వెచ్చగా ఉండి, తగిలిన తడి ఆరిపోయేది. ఆ ఇండ్లు పొడిగా ఉండడానికి కారణము కట్టినవారి తెలివి కాదు, కట్టెలూ బొగ్గూ లెక్క లేకుండ తగలబెట్టడమే.

ఉష్ణబంధకము వచ్చి ఈ ఏర్పాటును తలక్రిందులు చేసినది. అది వేడిని ఆపినది. కాని ఉన్ని రంధ్రములమయము గనుక ఆవిరిని ఆపలేదు. ఉన్నికి లోపలి వైపు 20 డిగ్రీలుంటే, పైవైపు పలక ఇంచుమించు బయటి చలికే దిగిపోయినది. ఆవిరి ఆ ఉన్నిగుండ తాపీగా ప్రయాణము చేసి, 7 డిగ్రీల గీత దాటి, చల్లని పలకను తాకి మంచుగా పేరుకొన్నది. నెలల తరబడి పేరుకొన్నది ఒక్క ఎండరోజున కరిగి కారినది. ఉన్ని నీటిని లాగలేదు. పలకను చలికి అప్పగించినది, అంతే. రంగువారి ఫిర్యాదు కారణము విషయములో తప్పు, ఫలితము విషయములో ఒప్పు.

ఈ సంగతిని విడమరచినవారిలో మొదట చెప్పుకోదగినవాడు విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరపు అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో పనిచేసిన టీస్‌డేల్ అనే ఇంజనీరు. గోడలలోను, అటకలలోను ద్రవీభవనము గూర్చి 1937లో ఆయన ఒక పత్రము ప్రకటించినాడు. చికిత్స సులభమే: ఉష్ణబంధకమునకు వెచ్చని వైపున, అంటే గది వైపున, తారు పట్టించి నిగనిగలాడేటట్టు పూత పూసిన కాగితమును పరచవలెను. ఆవిరి చల్లని చోటికి చేరకముందే దానిని వెచ్చని చోటనే నిలవేయడము ఇందులోని కిటుకు. మరు సంవత్సరమే టైలర్ రోజర్స్ అనే వాస్తుశిల్పి ఒక ప్రసిద్ధ వాస్తు పత్రికలో ఇదే మాటను శిల్పులకు అర్థమయ్యేటట్టు వ్రాసినాడు. ఆవిరి అడ్డుపొర అప్పటినుండి ఇండ్ల పటములలోకి ఎక్కినది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఫ్రాంక్ రౌలీ అనే ఆచార్యుడు ఇంకొక అడుగు వేసినాడు. పెద్ద శీతల గదిలో చిన్న చిన్న నమూనా ఇండ్లను కట్టి, లోపల వేడిమి, తేమ కల్పించి, ఏ గోడలో ఎంత మంచు పేరుకొనునో తూచినాడు. 1939లో ఆయన ప్రకటించిన సిద్ధాంతము ఫిక్ నియమమునకు ఇంజనీరింగు రూపమే: వేడికి ఉష్ణోగ్రతా భేదము ఎట్లో, ఆవిరికి బాష్ప పీడన భేదము అట్లు, పొర పొరకు ఒక నిరోధము ఉన్నది. ఆ సంవత్సరమే కెనడా జాతీయ పరిశోధన మండలిలో బాబిట్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఏయే కట్టుబడి సామాను ఎంతెంత ఆవిరిని పోనిస్తుందో కొలిచి ప్రకటించినాడు.

ఈ కొలతకు తరువాత పెర్ము అనే ప్రమాణము వాడుకలోకి వచ్చినది. బాష్ప పీడన భేదము ఒక అంగుళము పాదరసము ఉన్నప్పుడు, చదరపు అడుగు గుండ గంటకు ఒక గ్రెయిను ఆవిరి పోతే అది 1 పెర్ము. ఒక పెర్ముకు మించకుంటే దానిని అడ్డుపొర అనవచ్చునని అమెరికాలో స్థిరపడినది. మన కొలతలలోకి మార్చి చూద్దాము. పైన చెప్పిన ఇంట్లో బాష్ప పీడనము సుమారు 995 పాస్కలులు. బయట సున్నకు దిగువ 20 డిగ్రీల దగ్గర మంచుపై బాష్ప పీడనము సుమారు 103 పాస్కలులు. భేదము 890. ఈ భేదములో 1 పెర్ము పొర చదరపు మీటరుకు రోజుకు సుమారు 4.4 గ్రాములను విడుస్తుంది. నూరు రోజుల చలికాలములో అరలీటరుకు లోపే. రంగు వేయని జిప్సం పలక ఒక్కటే అడ్డమైతే దాని పారగమ్యత 40 పెర్ములకు తక్కువ ఉండదు; లెక్క దానికి తగినట్టు పెరుగుతుంది. పాలిథీను రేకైతే పెర్ములో పదవ వంతు కూడ ఉండదు.

ఇంతవరకు గోడలకూ కప్పులకూ ఒకటే కథ. సమతల పైకప్పు దగ్గర కథ మారుతుంది.

గోడకు వెలుపల ఉండేది చెక్కయో ఇటుకయో. లోపలికి చేరిన తడి వేసవిలో వాటిగుండ మెల్లగా బయటికి పోగలదు. వాలు కప్పుకు అటక ఉన్నది, దానికి గాలి సందులు ఉన్నవి. సమతల కప్పుకు ఈ రెండు వసతులూ లేవు. వాననీరు నిలిచే కప్పు గనుక దాని నెత్తిన మూడు నాలుగు వరుసల ఫెల్టును కాగిన తారుతో అంటించి అతుకు లేని పొరగా చేస్తారు. వాననీటిని ఆపే ఆ పొర ఆవిరిని కూడ ఆపుతుంది. అంటే ఇంట్లోకెల్ల గట్టి ఆవిరి అడ్డుపొర ఉండకూడని చల్లని వైపునే ఉన్నది. దానిని తీసివేయడానికి వీలు లేదు. క్రిందినుండి వచ్చిన ఆవిరికి అది మూసిన తలుపు. ఆవిరి అక్కడే నీరవుతుంది, మంచవుతుంది, ఉష్ణబంధకమును తడుపుతుంది. తడిసిన ఉన్ని వేడిని ఆపదు. కొయ్య పలక కుళ్లుతుంది. ఉక్కు పలక తుప్పు పడుతుంది.

మొదట ప్రయత్నించినది గాలి ఆడించడము. 1942లో అమెరికా సమాఖ్య గృహనిర్మాణ శాఖ తన నిబంధనలలో 300 చదరపు అడుగుల కప్పుకు 1 చదరపు అడుగు గాలి సందు అనే లెక్క పెట్టినది. ఈ నిష్పత్తి నేటికీ ఎన్నో దేశముల నియమావళులలో వినబడుతున్నది. దాని వెనుక ఉన్న ప్రయోగములు దానికి వచ్చిన పలుకుబడితో పోలిస్తే బహు తక్కువ అని నా అభిప్రాయము. వాలు కప్పులో క్రింది సందుకూ పై సందుకూ ఎత్తు తేడా ఉన్నది గనుక గాలి తనంత తాను కదులుతుంది. సమతల కప్పులో ఆ తేడా లేదు. గాలి వీచిన రోజున తప్ప ఆ సందులోని గాలి నిలువ గాలియే.

రెండవ మార్గము టీస్‌డేల్ చెప్పినదే: ఉష్ణబంధకమునకు క్రింద కూడ ఒక అడ్డుపొర. మొదట పలకపై రెండు వరుసల ఫెల్టు తారుతో అంటించి, దానిపై ఉష్ణబంధకము పరచి, ఆపైన వాన పొర వేసినారు. కాగితముపై ఇది పరిపూర్ణముగా కనబడుతుంది. అయితే ఆ రెండు పొరల నడుమ చిక్కిన వస్తువు గతి ఏమిటి? పని జరుగుతుండగా ఒక జల్లు పడినదనుకొనండి. ఆ నీరు ఇక ఎటూ పోలేదు. మీది పొరకు సూదిబెజ్జమంత చిల్లు పడినదనుకొనండి. నీరు దిగి, క్రింది పొరమీద పరుచుకొని, ఇరవై అడుగుల అవతల ఏదో అతుకు దగ్గర గదిలోకి కారుతుంది. చిల్లు ఎక్కడో తెలియదు. ఫెల్టు వరుసల నడుమ చిక్కిన తడిగాలి ఎండలో ఉబ్బి పొక్కులు లేపుతుంది. నల్లని కప్పు వేసవిలో 70 డిగ్రీలకు కాగుతుంది. 20 డిగ్రీల దగ్గర 2.3 కిలోపాస్కలులున్న సంతృప్త బాష్ప పీడనము 70 దగ్గర 31 కిలోపాస్కలులవుతుంది. పొక్కు లేవక ఏమి చేస్తుంది? కెనడాలో హ్యాండెగార్డ్ 1966లో కప్పుల తేమ గూర్చి వ్రాసిన చిన్న వ్యాసములో ఈ సంకటమును దాపరికము లేకుండ చర్చించినాడు.

ఆ కెనడా పరిశోధకుల గూర్చి కొంచెము ఆగి చెప్పుకోవలెను. జాతీయ పరిశోధన మండలిలో భవన పరిశోధన విభాగము 1947లో రాబర్ట్ లెగెట్ నాయకత్వములో ఏర్పడినది. 1960 నుండి వారు నాలుగైదు పుటల సంచికలు వరుసగా ప్రకటించినారు. మేస్త్రీ చదివినా అర్థమవుతుంది, ఆచార్యుడు చదివినా తప్పు పట్టలేడు. శాస్త్రమును జనమునకు చెప్పదలచినవారు చూడవలసిన నమూనా అది. అడ్డుపొర వేసిన ఇండ్లలో కూడ కొన్నిచోట్ల విపరీతముగా మంచు పేరుకొనడము వారు చూచినారు. విసరణము లెక్క ప్రకారము అంత రాకూడదు. కారణము గాలి కారడమే. విసరణములో ఆవిరి ఒంటరిగా పదార్థముగుండ ఈదుకొంటూ పోతుంది. సందు ఉంటే గాలి తన ఆవిరిని వెంటబెట్టుకొని ఒక్కసారే పోతుంది.

ఎంత తేడా? మన ఇంటి గాలిలో ఘనమీటరుకు 7.3 గ్రాముల ఆవిరి ఉన్నది. అది చల్లని కప్పులోకి పోయి సున్నకు దిగువ 20కి చల్లబడితే 6 గ్రాములకు పైగా అక్కడ వదలవలసినదే. దీపపు తీగ దింపిన రంధ్రము చుట్టు గంటకు ఒక ఘనమీటరు గాలి కారితే రోజుకు సుమారు 150 గ్రాములు. ఒక చదరపు మీటరు మంచి పొర రోజుకు 4.4 గ్రాములు విడుస్తుందన్నాము గదా. ఆ ఒక్క రంధ్రము ముప్పై చదరపు మీటర్ల పొర పనిని వమ్ము చేస్తుంది. పైగా వేడి గాలి తేలిక గనుక మీదికి ఒత్తుతుంది. 10 మీటర్ల ఎత్తుగల మేడలో, అదే చలిలో, పైకప్పు దగ్గర లోపలి గాలి సుమారు 10 పాస్కలుల అధిక పీడనముతో బయటికి తోస్తుంది. ఉన్న సందులన్నిటిలో కప్పు సందే ఎక్కువ ప్రమాదకరము. రౌలీ పోలిక ఎంతో అందమైనది; ఆ అందమే ఇరవై ఏండ్లపాటు అందరి చూపును పొర నాణ్యము మీద నిలిపి, అతుకులను మరపింపజేసినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మూడు రేకు డబ్బాలలో మంచుగడ్డలు నింపి మూతలు పెట్టవలెను. మూడింటికీ దూది చుట్టవలెను. మొదటిదానిని అట్లే వదలి, రెండవదానికి దూదిపై పాలిథీను కప్పి అతుకులను అంటుపట్టీతో మూయవలెను. మూడవదానికి పాలిథీను కప్పి, అతుకులు వదులుగా వదలి, అక్కడక్కడ చిల్లులు పొడవవలెను. ఒకటి రెండు గంటల తరువాత దూదిని విప్పి లోపలి పొర తడిని తడవి చూచినా చాలును, తూచగలిగితే మరీ మంచిది. ఇక్కడ చలి లోపల, వెచ్చదనము బయట. కాబట్టి పాలిథీను బయటికి పోయినదని పిల్లలచేతనే చెప్పించవలెను.

జర్మనీలో కథ మరొక దారిన నడిచినది. శీతలీకరణ ఇంజనీరులకు ఈ చిక్కు ఇండ్లవారికన్న ముందే తెలుసును. శీతల గిడ్డంగి గోడలలో బెండు పలకలు తడిసి పాడగుచుండేవి. హెల్ముట్ గ్లాజర్ అనే ఆయన 1958, 1959 సంవత్సరాలలో ఒక శీతలీకరణ పత్రికలో గీతపటపు పద్ధతి నొకదానిని ప్రకటించినాడు. గోడ పొరలను వాటి మందముతో కాక ఆవిరి నిరోధముతో కొలిచి గీస్తారు. అప్పుడు బాష్ప పీడనము ఒక సరళరేఖ అవుతుంది. సంతృప్త పీడనము ఒక వక్రరేఖ. సరళరేఖ వక్రరేఖను తాకనిచోట భయము లేదు. తాకినచోట నీరు. రూళ్లకర్ర, పెన్సిలు ఉంటే చాలును. 1981లో జర్మను ప్రమాణములలో ఈ పద్ధతికి స్థానము దొరికినది. అయితే ఇది గాలి కారడమును చూడదు, వానను చూడదు, ఎండను చూడదు.

సమతల కప్పు సంకటమునకు 1960 దశకములో ఒక సాహసమైన విరుగుడు వచ్చినది. రెండు పొరలు ఎందుకు, ఒక్కటే వేసి దానిని వెచ్చని వైపుకు దించరాదా? వాన పొరను నేరుగా పలకపై వేసి, ఉష్ణబంధకమును దాని నెత్తిన పరచి, గాలికి లేవకుండ గులకరాళ్లు పోస్తారు. చొక్కాపైన కోటు తొడిగినట్టు. ఆ ఒక్క పొర వాననూ ఆవిరినీ రెంటినీ ఆపుతుంది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది గనుక దానిక్రింద చెమ్మ పట్టదు. ఎండకూ మంచుకూ పగలదు. ఉష్ణబంధకము వానలో నానుతుంది గనుక నీరు పీల్చని పాలిస్టిరీను నురుగు పలకలు దొరికిన తరువాతనే ఇది సాధ్యమైనది. కెనడా సంచికలలో బేకర్, హెడ్లిన్ 1972లో దీనిని వివరించినారు.

పాత కప్పులున్నవారి మాట ఏమిటి? న్యూహాంప్‌షైరులోని అమెరికా సైన్యపు శీతల ప్రాంత పరిశోధనశాలలో వేన్ టోబియాసన్ 1970 దశకములో రాత్రివేళ పరారుణ కెమెరాలతో కప్పులను చూడనారంభించినాడు. తడిసిన చోట వేడి ఎక్కువగా కారుతుంది గనుక అది వెలుగుగా కనబడుతుంది. తడిని ఆరబెట్టడానికి కప్పుమీద చిన్న చిన్న ఊపిరి గొట్టములు పెట్టడము అప్పటి ఆచారము. వాటితో ఆరడానికి దశాబ్దములు పడుతుందని ఆయన బృందము పరీక్షించి తేల్చినది. ఇంకొకటి కూడ ఆయన అడిగినాడు: క్రింది అడ్డుపొర అన్ని ఊళ్లలోను అవసరమా? జనవరి సగటు ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు తక్కువై, లోపలి ఆర్ద్రత 45 శాతమో ఆపైనో ఉంటే వేయవలెనని కప్పు గుత్తేదారుల నియమము ఉండేది. చలికాలములో తడిసినది వేసవిలో ఆరిపోతే నష్టము లేదు గదా అని టోబియాసన్ వాదము. ఏ ఊరిలో లోపలి ఆర్ద్రత ఎంతకు మించితే పొర కావలెనో తెలిపే దేశపటములను 1980 దశకములో ఆయన తయారుచేసినాడు. అనవసరమైన చోట పొర వేస్తే ఆరే దారిని మూసినట్లే.

ఆరే దారిని తెరచి ఉంచే పొర కూడ తరువాత వచ్చినది. జర్మనీలోని హోల్జ్‌కిర్కెన్ భవన భౌతికశాస్త్ర సంస్థలో హార్ట్‌విగ్ క్యూంజెల్ 1990 దశకములో పాలిఅమైడు పొరను ఈ పనికి వాడినాడు. చలికాలపు పొడిగాలిలో అది బిగువుగా ఉండి ఆవిరిని అడ్డగిస్తుంది. వేసవిలో ఎండకు కప్పు కాగి, లోపలి తడి క్రిందికి దిగి దానిని తాకితే, అది తేమ పీల్చి పదిరెట్లకు మించి ఆవిరిని పోనిస్తుంది. తడి గదిలోకి వచ్చి ఆరిపోతుంది. అయితే దీనికి ఎండ కావలెను. కప్పు చెట్టునీడలో ఉన్నా, దానిమీద మట్టి పోసి మొక్కలు పెంచినా ఈ ఉపాయము అంతగా పారదు.

మన దేశములో, తెలుగు నేలమీద, చలికి ఇండ్లు వేడిచేసే అలవాటు లేదు గనుక డాబాలకు ఈ బాధ లేదు. కాని గుంటూరు చుట్టు మిరపకాయలు నిలువచేసే శీతల గిడ్డంగుల మాట వేరు. లోపల 5 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతము అనుకొంటే బాష్ప పీడనము సుమారు 610 పాస్కలులు. వానకాలములో కోస్తా గాలి తుషార స్థానము 25 డిగ్రీలని తీసుకొంటే బయట సుమారు 3,170. భేదము 2,500కు పైన, అంటే కెనడా ఇంటి నడి చలికాలపు భేదమునకు ఇంచుమించు మూడు రెట్లు; అదీ బయటినుండి లోపలికి. అందుచేత ఇక్కడ అడ్డుపొర ఉష్ణబంధకమునకు బయట, ఎండ వైపున ఉండవలెను. కప్పుమీది వాన పొర ఈ ఒక్కచోట తానుండవలసిన వైపునే ఉన్నది. రొయ్యలను నిలువచేసే ఘనీభవన గదులలో లోపల సున్నకు దిగువ 18 డిగ్రీలు ఉంటుంది గనుక, పలకల నడుమ వెలుపలి అతుకు మూయకుండ వదిలితే వచ్చిన ఆవిరి అక్కడే మంచుగడ్డయై, సంవత్సరము తిరిగేసరికి పలకలను ఎడము చేస్తుంది.